నియాన్ టెట్రాలు చనిపోతుంటే: మందు కన్నా ముందు నీళ్లు చూడండి

నియాన్ టెట్రా అమెజాన్ ఎగువ ఉపనదుల చేప. రాలిన ఆకులు నానిన, లవణాలు దాదాపు లేని, కాస్త ఆమ్లగుణమున్న నీళ్లు దాని సొంత ఊరు. హనుమకొండలోనో కాజీపేటలోనో మనం దాన్ని వదిలేది బకెట్టుకు తెల్ల పొర కట్టే బోరు నీళ్లలో. ఇక్కడి అక్వేరియం తొట్లలో సగం జబ్బులకు మూలం ఇదే అంటాను.

సమస్య: తెచ్చిన కొద్ది రోజులకే ఒక్కొక్కటీ చనిపోవడం

కొత్త తొట్టిలో చేపల విసర్జన నుంచి అమ్మోనియా పేరుకుంటుంది. దాన్ని మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పైగా క్షారగుణమున్న వేడి నీటిలో అదే అమ్మోనియా మరింత విషం. మన బోరు, మన ఎండ రెండూ దానికే తోడు.

పరిష్కారం: పాత తొట్టిలోని ఫిల్టర్ స్పాంజి ముక్క దొరికితే తెచ్చి పెట్టండి. మేత తగ్గించండి. నీళ్లలో పావు వంతు మాత్రమే మార్చండి. బోరు నీటిలో ఆర్‌ఓ నీరు కలపండి, కానీ రోజుకు కొంచెంగా. షాపుల్లోవి ఎక్కువగా ఫారాల్లో పెరిగినవి కాబట్టి కొంత కఠినజలాన్ని ఓర్చుకుంటాయి. ఓర్చుకోలేనిది హఠాత్తు మార్పును. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి థయోసల్ఫేట్ వేయాలి. నీలం మందు (మిథిలీన్ బ్లూ) మాత్రం పోయకండి, ఫిల్టర్‌లోని సూక్ష్మజీవులు కూడా చస్తాయి.

సమస్య: మే మధ్యాహ్నం పైకి వచ్చి నోరు తెరవడం

ఈ చేపకు 21 నుంచి 26 డిగ్రీలు హాయి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు కరిగితే, 35 దగ్గర 7.

మూత తీసి నీటి మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పండి. మన పొడి గాలికి ఇది బాగా పనిచేస్తుంది. ఎయిర్ పంపు ఆపవద్దు. కరెంటు పోతే మగ్గుతో నీళ్లు తీసి ఎత్తునుంచి పోయండి. డాబా మీది ట్యాంకు నీళ్లు తెల్లవారుజామునే పట్టుకోవాలి.

సమస్య: పొద్దున లైటు వేయగానే రంగు వెలిసిపోయి ఉండడం

జబ్బు కాదు. చీకట్లో నీలి గీత మసకబారుతుంది, కాసేపటికి తిరిగి వస్తుంది.

సమస్య: ఒంటి మీద తెలుపు

ఉప్పు రవ్వల్లాంటి చుక్కలైతే తెల్లమచ్చల జబ్బు. ఆ పరాన్నజీవి నీళ్లలో ఈదే దశలోనే మందుకు లొంగుతుంది, అందుకే చుక్కలు పోగానే మందు ఆపకూడదు. చర్మం కింద కండలోనే తెల్లటి మచ్చ పరుచుకుని, వెన్ను వంగితే అది ప్లీస్టోఫోరా అనే పరాన్నజీవి తెచ్చే రోగం. దానికి నమ్మదగిన మందు లేదు. ఆ చేపను వేరే తొట్టిలోకి మార్చండి. చనిపోతే వెంటనే తీసేయండి, మిగతావి కొరికితే రోగం వాటికీ పాకుతుంది.