విజయవాడ నుంచి అమరావతికి సైకిల్ మీద వెళ్లి రావడం ఎలా?

ఇక్కడ అమరావతి అంటే అమరేశ్వరస్వామి గుడి ఉన్న పాత ఊరు. రాజధాని ప్రాంతానికీ అదే పేరు కాబట్టి ఫోన్ మ్యాపులో ఉత్త ‘అమరావతి’ అని కొడితే పొరపాటు పడే వీలుంది. గమ్యంగా అమరేశ్వరస్వామి గుడినే పెట్టుకోండి. ప్రకాశం బ్యారేజీ నుంచి అక్కడికి, పట్టిన దారిని బట్టి, సుమారు 35 కిలోమీటర్లు. కొండలెక్కే పని లేదు. మామూలు సైకిల్ మీద కూడా వెళ్లి రావచ్చు. ఈ దారిలో మనిషిని అలసిపోయేలా చేసేవి ఎండ, ఎదురుగాలి, లారీలు. ఈ మూడూ పొద్దెక్కేకొద్దీ పెరుగుతాయి. అందుకే నన్నెవరైనా ఈ దారి గురించి అడిగితే ముందు బయలుదేరే టైము చెప్పి, సైకిల్ సంగతి తర్వాత మాట్లాడతాను.

1. ముందు టైము ఖాయం చేసుకోండి

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. డిసెంబరు, జనవరిలో సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో గానీ రాడు, పైగా నది పక్కన పొగమంచు. ఆ నెలల్లో ఆరింటికి బ్యారేజీ దగ్గరకు చేరి, మంచు దట్టంగా ఉంటే పలచబడేదాకా అక్కడే ఆగండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఐదుంపావుకే బయలుదేరాలి. గంటకు 18 కిలోమీటర్ల చొప్పున తొక్కినా ఏడుంపావు, ఏడున్నర మధ్య గుడి ముందుంటారు. ఎనిమిదింటికి వెనక్కి తిరిగితే పదింటికల్లా బ్యారేజీ దాటేస్తారు.

ఈ లెక్క నాకు ఒక ఏప్రిల్లో బాగా తెలిసొచ్చింది. ఏడింటికి తీరిగ్గా బయలుదేరాను. తిరుగు దారిలో ఉండగానే పదకొండు దాటింది. తుళ్లూరు ఇంకా రాకముందే సీసాలో నీళ్లు అయిపోయాయి, చెమట పట్టడం ఆగిపోయింది, కళ్లు తిరగసాగాయి. రోడ్డు పక్క ఇంటి అరుగు మీద కూలబడితే ఒక పెద్దావిడ, “ఈ ఎండలో ఏంది బాబూ ఇది, ముందు ఇది తాగు” అని ఉప్పేసిన మజ్జిగ చెంబుతో ఇచ్చింది. రెండు చెంబులు తాగి, మూడింటి దాకా ఆ వసారాలోనే పడుకున్నాను. ఆ మేలు నేను మర్చిపోలేను. చెమట ఆగడం, ఒళ్లు వణకడం, తల తిరగడం వడదెబ్బ గుర్తులు. అవి కనిపిస్తే ఇక ఒక్క కిలోమీటరు కూడా తొక్కకండి. నీడకు చేరి ఒంటి మీద నీళ్లు పోసుకోండి. తేరుకోకపోతే 108కి ఫోన్ చేయించండి.

2. సైకిల్‌ను ఈ రోడ్డుకు తగ్గట్టు సిద్ధం చేయండి

రేసు సైకిళ్లకు వచ్చే సన్నటి 23 మిల్లీమీటర్ల టైర్లు ఇక్కడ పనికిరావు. ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, పనులు జరిగేచోట కంకర, తారు అంచున గుంతలు ఉంటాయి. 28 ఫర్వాలేదు, 32 అయితే హాయి. 70 కిలోల మనిషికి 32 టైరులో 60, 65 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. మరీ బిగిస్తే కంకర మీద టైరు జారుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి.

పంచరు విషయంలో చాలామంది మర్చిపోయేది ఒకటుంది. ఊళ్లలో పంచరు షాపులకు కొదవ లేదు కానీ, వాళ్ల పంపు మోటారు సైకిల్ వాల్వుకు సరిపోయేది. మీ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే ఆ పంపుతో గాలి ఎక్కదు. చవగ్గా దొరికే ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింద సంచిలో వేసుకోండి. దాంతోపాటు ఒక స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే లివర్లు రెండు, చేతి పంపు, బోల్టులు బిగించే అలెన్ కీల సెట్టు ఉండాలి. బ్రేకులు ముందురోజు సాయంత్రమే చూసుకోండి, తెల్లవారుజామున చీకట్లో అవి సరిగా కనిపించవు.

హెల్మెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. వెనక ఎర్ర లైటు మాత్రం పట్టపగలు కూడా వెలుగుతూ ఉండాలి. అమరావతి విజయవాడకు పడమరగా ఉంది. వెళ్లేటప్పుడు పొద్దు మీ వీపున ఉంటుంది, ఎదురొచ్చే డ్రైవర్ల కళ్లలో పడుతుంది. వాళ్లలో ఒకరు ముందు బండిని దాటబోతే మీరు కనపడకపోవచ్చు. కాబట్టి ముందు లైటు కూడా ఆర్పకండి. తిరిగి వచ్చేటప్పుడు పొద్దు మీకు ఎదురుగా ఉంటుంది, మీ వెనక వచ్చే లారీ డ్రైవరుకీ ఎదురుగానే. ఆ వెలుగులో మీరు అతనికి కనిపించేలా చేసేది ఆ ఎర్ర లైటే.

3. వెళ్లేటప్పుడు కరకట్ట పట్టండి

1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. తెల్లవారకముందు దాని మీద తొక్కుతుంటే కుడివైపు నిండు నీళ్లు, వెనక ఇంద్రకీలాద్రి లైట్లు. అక్కడ తొందరపడకండి, ఒళ్లు వేడెక్కేదాకా మెల్లగా తొక్కండి. అవతలి ఒడ్డు చేరాక కుడికి తిరిగి ఉండవల్లి మీదుగా కరకట్ట ఎక్కాలి. కొండలో నాలుగు అంతస్తులుగా తొలిచిన ఉండవల్లి గుహలు ఆ దగ్గర్లోనే ఉన్నాయి. లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి విగ్రహాన్ని చూడాలంటే పగటిపూట ఇంకోసారి రండి.

కరకట్ట అంటే వరద ఊళ్లలోకి రాకుండా వేసిన మట్టికట్ట, దాని మీదే రోడ్డు. ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క అరటి, కూరగాయలు, పూలతోటలు. వెంకటపాలెం దాటాక ఉద్దండరాయునిపాలెం, లింగాయపాలెం, రాయపూడి వరసగా వస్తాయి. 2015 అక్టోబరు 22న రాజధానికి శంకుస్థాపన చేసింది ఉద్దండరాయునిపాలెంలోనే. కొత్తగా తొక్కేవాళ్లు మొదటిసారి వెంకటపాలెం దాకా వెళ్లి వెనక్కి వచ్చేయండి. రెండు మూడు ఆదివారాలు అలా చేశాక అమరావతి గురించి ఆలోచించండి.

కట్ట మీద ఒకరి వెనక ఒకరే వెళ్లాలి. తారు అంచుకు మరీ దగ్గరగా కాకుండా రెండు అడుగులు లోపలికి తొక్కండి. అంచున తొక్కితే వెనకవాళ్లు ఇరుకులోనే దాటేయాలని చూస్తారు, మీకేమో పక్కకు జరగడానికి చోటుండదు. ఇసుక లారీ హారన్ వినిపిస్తే మాత్రం పంతానికి పోకుండా ఆగి దారివ్వండి.

రాజధాని పనుల వల్ల రోడ్డు ఈ నెల ఉన్నట్టు వచ్చే నెల ఉండకపోవచ్చు. కట్ట మీద దారి మూసి ఉంటే దగ్గర్లోని ఊళ్లోకి దిగి, మందడం, తుళ్లూరు రోడ్డు పట్టుకోండి. అటునుంచి పెదమద్దూరు మీదుగా అమరావతి చేరతారు. కట్ట దారి బాగుంటే వైకుంఠపురం దాకా నది పక్కనే వెళ్లొచ్చు. ఒడ్డున కొండ, కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఈ దారి మొత్తంలో నాకు ప్రాణం లేచివచ్చే చోటు అదే.

వానాకాలంలో ఒక జాగ్రత్త. కృష్ణ నిండుగా పారుతున్నప్పుడు వాగుల నీళ్లు నదిలో కలవలేక వెనక్కి తంతాయి. ఉండవల్లి దగ్గర కొండవీటి వాగు నీటిని పంపులతో ఎత్తి నదిలో పోసే ఏర్పాటు చేసింది అందుకే. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కాబట్టి ఆ నెలల్లో ముందురోజు వార్తలు చూసుకుని, పెదమద్దూరు దగ్గర వాగు పొంగలేదని తెలుసుకున్నాకే బయలుదేరండి. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు పారుతుంటే సైకిల్ నెట్టుకుంటూ కూడా దాటకండి.

4. దారిలో తాగండి, ఊళ్లో తినండి

గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు దాకా నీళ్లు తాగాలి, దాహం వేసినా వేయకపోయినా. రెండు సీసాల్లో ఒకదాంట్లో ఓఆర్‌ఎస్ కలపండి. బయలుదేరే ముందు ఒక అరటిపండు తింటే చాలు. అమరావతిలో గుడి దగ్గర వేడి ఇడ్లీ దొరుకుతుంది. నూనె సరుకు జోలికి పోవద్దు, తిరుగు దారిలో కడుపు బరువెక్కుతుంది.

అమరేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. లింగం ఎంత ఎత్తంటే పూజారులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. సైక్లింగ్ షార్టుతో గుడిలోకి వెళ్లడం బాగుండదు, సంచిలో పలచటి పంచె ఒకటి పెట్టుకోండి. మహాచైత్యం అనే పాత బౌద్ధ స్తూపం, మ్యూజియం ఉదయం ఇంత తొందరగా తెరవరు. వాటి కోసం చలికాలంలో ఒక రోజంతా కేటాయించండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. అక్కడి సున్నపురాతి శిల్పాలు చాలావరకు చెన్నైకీ, లండన్‌కీ తరలిపోయాయి. మిగిలిన వాటి ముందు కూడా గంట నిలబడొచ్చు. ఘాట్‌లో కాళ్లు కడుక్కోండి కానీ ఈతకు దిగకండి, ఇసుక తీసినచోట లోతు పైకి తెలియదు.

5. వచ్చేటప్పుడు ఊళ్ల దారి

తిరుగు ప్రయాణంలో కరకట్ట వద్దు. ఎనిమిదిన్నర దాటాక సచివాలయం వైపు వచ్చే కార్లు, బస్సులతో అది ఇరుకవుతుంది. పెదమద్దూరు, తుళ్లూరు, మందడం, కృష్ణాయపాలెం, పెనుమాక మీదుగా ఉండవల్లి చేరండి. టీ కొట్లు, చెట్ల నీడ, నీళ్లు అన్నీ ఈ దారిలోనే.

ఊళ్లలో చూసుకోవాల్సినవి వేరు. పత్తి బోరాలు వేసుకున్న ట్రాక్టర్లకు సరుకు రెండుపక్కలా పొడుచుకొచ్చి ఉంటుంది, వాటిని దాటేటప్పుడు బాగా ఎడంగా ఉండండి. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదుగా పోకండి. అది ఒక కుటుంబం పంట, పైగా టైరు గింజల మీద సర్రున జారుతుంది. కుక్క వెంటపడితే సైకిల్ దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టుకుని నడవండి. పరుగు లేకపోతే దానికీ ఆసక్తి పోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి వెళ్లేటప్పుడు ఎదురై, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. ఆ రోజుల్లో వెళ్లేటప్పుడు ఒక గేరు తగ్గించి తొక్కండి, వచ్చేటప్పుడు కాళ్లకు ఓపిక మిగులుతుంది.

6. అలవాటయ్యాక 100 కిలోమీటర్లు

వెళ్లిరావడం సులువనిపించాక త్రిభుజం తొక్కండి. అమరావతి నుంచి నల్లరేగడి పొలాల మధ్య ఎండ్రాయి, మోతడక, తాడికొండ అడ్డరోడ్డు, లాం మీదుగా గుంటూరు. అక్కడి నుంచి కాజ, మంగళగిరి మీదుగా తాడేపల్లి, మళ్లీ బ్యారేజీ. మొత్తం దాదాపు 100 కిలోమీటర్లు. గుంటూరు నుంచి వచ్చేది జాతీయ రహదారి కాబట్టి, ఉన్నచోటల్లా సర్వీసు రోడ్డు వదలకండి. ఫిబ్రవరి, మార్చిలో కల్లాల్లో మిర్చి ఆరబోస్తారు, ఘాటుకు ఊపిరి పట్టేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ రెండు నెలలు ఈ త్రిభుజం మానుకుని కృష్ణ ఒడ్డునే తొక్కండి.

వాన పడితే నల్లరేగడి మట్టి బ్రేకుల్లోకి, చైనులోకి దూరి, ఆరాక రాయిలా బిగుస్తుంది. ఇంటికి రాగానే, మీరు స్నానం చేసే ముందే, దాన్ని నీళ్లతో కడిగి చైనుకు నూనె వేయండి.