జెట్ స్కీ కొనే ముందు యాడ నడపాలో తేల్చుకోండి

గోవాలో పది నిమిషాలు జెట్ స్కీ, అదే నీళ్ళ మీద బైకు మాదిరి నడిపే బండి, ఎక్కి దిగినోడికి వచ్చే మొదటి ఆలోచన, ఇదొకటి కొంటే మన నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో దించొచ్చు గదా అని. మా బావమరిదికీ అదే పురుగు తొలిచింది. వాడి కోసం తిరిగి తెలుసుకున్నవి రాస్తుండా, ఇంకెవరికన్నా పనికొస్తాయని.

జెట్ స్కీ అనేది అసలు కవాసాకీ వాళ్ళ బ్రాండ్ పేరు, యమహాది వేవ్ రన్నర్, ఇంకోటి సీ డూ. పేరు ఏదైనా కాగితాల్లో అది ఇంజను పడవే. బైకు మాదిరి కూర్చుంటాం, హ్యాండిల్ ఉంటది కాబట్టి ఆర్టీఓ ఆఫీసులో పనైపోద్దని మావోడు అనుకున్నాడు, కాదు, వాళ్ళకి దీంతో సంబంధమే లేదు. కానీ దాన్ని కారు వెనక తగిలించుకుని పోయే ట్రైలర్ ఉంది చూడండి, దానికి మాత్రం ఆర్టీఓ రిజిస్ట్రేషన్ కావాల్సిందే.

అందుకే షోరూమ్ కన్నా ముందు యాడ నడపాలనేది తేల్చుకోండి, కాగితాలన్నీ దాన్ని బట్టే ఉంటాయి. పెన్నా, సోమశిల, బకింగ్‌హామ్ కాలవ లాంటి లోపలి నీళ్ళయితే ఇన్‌లాండ్ వెసెల్స్ యాక్ట్ 2021 కిందకి వస్తది, 1917 నాటి పాత చట్టం తీసేసి 2022 జూన్ నుంచి ఇది అమల్లోకి తెచ్చారు. దీని ప్రకారం ముందు సర్వే చేయించాలి, అంటే అధికారి వచ్చి పడవ కండిషన్ చూసి సర్టిఫికెట్ ఇస్తాడు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్, నంబరు పడవ మీద కనపడేలా రాయించాలి, ఇన్సూరెన్స్ కూడా ఉండాలి, కారు పాలసీ దీనికి పనికిరాదు. ఒక రాష్ట్రంలో చేయించిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుద్ది, ఇదొక్కటే హాయి. రిజర్వాయర్‌లో దించాలంటే ఇరిగేషన్ వాళ్ళ అనుమతి వేరే తీసుకోవాలి, పులికాట్ వైపయితే ఆశ వదిలేసుకోండి, అది పక్షుల అభయారణ్యం, 1972 వన్యప్రాణి చట్టం కింద ఫారెస్ట్ వాళ్ళ అనుమతి లేకుండా లోపలికే పోకూడదు.

సముద్రం కథ వేరు. మైపాడైనా కొత్తపట్నమైనా ముందుగా పోర్టుల శాఖ వాళ్ళనీ మెరైన్ పోలీసులనీ కలిసి అడగండి, అడిగినదానికి రాతపూర్వకంగా కాగితం తెచ్చుకోండి. కృష్ణపట్నం పోర్టు హద్దుల్లోకి సరదాకి కూడా పోవద్దు, అక్కడ కోస్ట్ గార్డ్ స్టేషన్ కూడా ఉంది. చట్టంలో రాయని ఇంకో అనుమతి ఉంది, పట్టపుపాలెం, అదే చేపలు పట్టేవాళ్ళ పల్లె, పెద్దలతో ఓ మాట. వాళ్ళ వల మీదుగా పోయి తెగ్గొట్టారంటే ఏ సర్టిఫికెట్ చూపించినా మిమ్మల్ని వదలరు, వదలకపోవడం న్యాయం కూడా.

డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించాలనుకుంటే అది సొంత సరదా కాదు, వ్యాపారం, దాని అనుమతులు వేరే. 2017 నవంబర్ 12న విజయవాడ పక్క ఇబ్రహీంపట్నంలో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడితే ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కువ మంది మన ఒంగోలు వాకర్స్ క్లబ్ వాళ్ళే. ఆ బోటుకి అనుమతి లేదు, ఎక్కినోళ్ళలో చాలా మందికి లైఫ్ జాకెట్లు లేవు. ఒంగోల్లో ఇప్పటికీ ఆ మాటెత్తితే ఎవరో ఒకరు తెలిసినోళ్ళ పేరు చెప్తారు.

నేర్చుకోకుండా ఎక్కొద్దు. బైకు నడిపే వాళ్ళకే ఇది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఎదురుగా ఏదైనా వస్తే మన చెయ్యి అలవాటుగా యాక్సిలరేటర్ వదిలేస్తది, దీంట్లో అది వదిలితే బండిని తోసే, తిప్పే నీళ్ళ ధార ఆగిపోయి హ్యాండిల్ ఎటు తిప్పినా బండి నేరుగానే పోద్ది, బ్రేకులా అనుకుని వదిలినోడు పోయి గుద్దుతాడు. గోవాలో కేంద్ర టూరిజం శాఖ కింద నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది, పవర్ బోటు నడపడం, ప్రాణరక్షణ కోర్సులు అక్కడ చెప్తారు. ఇంజను ఆపే తాడు చేతికో జాకెట్‌కో తగిలించుకోవాలి, పడిపోతే అదే బండిని ఆపుద్ది. పదహారేళ్ళ లోపు పిల్లలకి ఇవ్వొద్దని కంపెనీలే చెప్తాయి. సముద్రంలో ఆపదొస్తే కోస్ట్ గార్డ్ నంబర్ 1554.

కొత్తది కొంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం. అందుకే మావోడు సెకండ్ హ్యాండ్ వైపు పోయాడు, పక్క రాష్ట్రంలో ఒకాయన దగ్గర సగం రేటుకి దొరికిందని ఎగిరి గంతేశాడు. ఇద్దరం పోయి చూశాం. వెనకవైపు బాడీ మీద అక్షరాలు, అంకెలు కలిసిన హల్ నంబర్ ఉండాలి, మన ఛాసిస్ నంబర్ లాంటిదే. ఉప్పు పేరుకుని ఉంటే తడిగుడ్డతో తుడిచాను, తుడిచేకొద్దీ నంబర్ బయటపడుద్దనుకుంటే గీతలు బయటపడ్డాయి, ఎవరో ఉప్పు కాగితం పెట్టి అరగదీసినట్టు. విదేశం నుంచి తెచ్చింది కదా, కస్టమ్స్ వాళ్ళ బిల్ ఆఫ్ ఎంట్రీ, అదే దిగుమతి కాగితం, ఏదన్నా అని అడిగితే ఆయన ఇన్‌వాయిస్ జెరాక్స్ ఒకటి చేతిలో పెట్టి, సముద్రంలో ఎవరు అడుగుతారన్నా అన్నాడు. అడ్వాన్స్ ఇవ్వకుండా తిరిగొచ్చేశాం, దారిలో మావోడు నాతో మాట్లాడలా.