డెంటన్‌లో సంగీతం చదవడానికి వస్తున్నవారికి

టెక్సస్‌లోని డెంటన్‌కి వచ్చే మనవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్లు చదవడానికి వస్తారు. అందుకే సీనియర్లను అడిగితే అద్దె ఇల్లు, బ్యాంకు, సిమ్ కార్డు సంగతులు దొరుకుతాయి గానీ, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో సంగీతం చదివేవారికి కావలసినవి దొరకవు. అవి రాస్తున్నాను.

ముందు వాయిద్యం. వీణ మెట్లను పట్టి ఉంచేది మైనం. ఆగస్టు ఎండలో ఆపిన కారులో వీణ వదిలితే మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. వచ్చిన మొదటి నెలలోనే నాకు అలా జరిగింది. సరిచేసేవాళ్లు దొరికేదాకా వాయించలేకపోయాను. ఆ బాధ మీకు వద్దు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తెస్తుంటే అది 120 వోల్టులకు పనిచేస్తుందో లేదో చూసుకోండి.

ఇక థియరీ, అంటే పాశ్చాత్య సంగీత శాస్త్రం. చాలామందికి టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. స్వరజ్ఞానం మీకు ఉంది, అది చిన్న విషయం కాదు. మన రాగాల స్వరాలే వాళ్ల స్కేళ్లలోనూ ఉన్నాయి: శంకరాభరణం పాశ్చాత్యుల మేజర్ స్కేలు, కీరవాణి హార్మోనిక్ మైనర్, ఖరహరప్రియ డోరియన్. ఈ మెట్టు మీరు ఎక్కేసే వచ్చారు. కష్టపెట్టేవి రెండు. ఒకటి, కాగితం మీద స్వరాలకు గుర్తుగా వేసిన చుక్కలు చూసి అప్పటికప్పుడు పాడటం. మనం గురువు నోట విని నేర్చుకున్నవాళ్లం కాబట్టి కన్నుకి ఆ అలవాటు ఉండదు. రోజూ 15 నిమిషాలు చూసి పాడండి, వారానికోసారి రెండు గంటలు కూర్చుంటే రాదు. రెండోది, నాలుగు గొంతులు ఒకేసారి వేర్వేరు స్వరాలతో కలిసి నడవడం. పాట మధ్యలో ఆధార షడ్జమే మారిపోతుంటుంది. గ్రహభేదం (ఒక రాగంలోని వేరే స్వరాన్ని షడ్జమంగా తీసుకుని ఇంకో రాగం పుట్టించడం) తెలిసినవారు దాన్ని ఆసరాగా పట్టుకోవచ్చు.

తరగతిలో గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) గురించి మాట్లాడటానికి సిగ్గుపడకండి. మృదంగ విద్వాన్ పూవలూర్ శ్రీజి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన చోటు ఇది. మన సంగీతం ఇక్కడివారికి కొత్త కాదు.

క్రెడిట్ల (ఒక్కో కోర్సుకు ఇచ్చే పాయింట్ల) లెక్క ముందే చూసుకోండి. వారంలో చాలా గంటలు తినేసే బృంద వాద్య సాధనకు చాలాసార్లు ఒక్క క్రెడిట్టే వస్తుంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద బ్యాచిలర్ డిగ్రీ విద్యార్థికి సెమిస్టరుకు మామూలుగా కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట: ఎవరింట్లోనో పెళ్లికి పాడి డబ్బు తీసుకున్నా, కాఫీ షాపులో వాయించి తీసుకున్నా, అనుమతి లేకుండా చేసిన ఉద్యోగమే అవుతుంది. అడిగేది తెలిసినవాళ్లే అయినా, ఒప్పుకునే ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో కనుక్కోండి.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది స్థానిక సంగీతం గురించి, అంటే జాజ్, బ్లూస్ గురించి. దాన్ని సిలబస్‌లో ఒక పేపరుగా వదిలేయకండి. అమెరికాలో జాజ్‌కి డిగ్రీ మొదట పెట్టింది ఈ యూనివర్సిటీయే, 1947లో. ఇక్కడి జాజ్ బృందాల పేర్లు సాధన వేళలను బట్టి వచ్చాయి. ఒంటిగంటకు సాధన చేసేది వన్ ఓ క్లాక్ ల్యాబ్ బ్యాండ్. మొదటి వారంలోనే ఏదో ఒక బృందాన్ని వెళ్లి వినండి. పన్నెండు బార్ల (బారుకు నాలుగు దెబ్బలు) బ్లూస్‌ని చేత్తో తాళం వేసుకుంటూ వింటే, 48 దెబ్బల ఆవర్తనం తిరిగి ఎత్తుగడకు చేరడం మీకే తెలుస్తుంది. నాకు పుస్తకంలో అర్థం కాని కార్డుల (chords, ఒకేసారి మోగే స్వరాల గుంపుల) నడక అలా విన్నాకే అర్థమైంది.

తర్వాత డాలస్‌లోని డీప్ ఎల్లం చూడండి. 1920లలో బ్లూస్ గాయకుడు బ్లైండ్ లెమన్ జెఫర్‌సన్ వీధుల్లో పాడిన పేట అది. దాని పక్కనే ఉన్న నల్లజాతివారి పేటను ఎక్స్‌ప్రెస్‌వే కోసం చాలావరకు కూల్చేశారు. ఆ సంగతి తెలిసి నడిస్తే ఆ పాటలు వేరుగా వినిపిస్తాయి. కొంత దూరంలో 508 పార్క్ అవెన్యూ ఉంది. 1937 జూన్‌లో బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 13 పాటలు రికార్డు చేసిన భవనం అదే.

డెంటన్ నుంచి ఎ-ట్రెయిన్ అనే లోకల్ రైలు ఎక్కి, ట్రినిటీ మిల్స్ స్టేషన్‌లో డాలస్ గ్రీన్ లైన్ రైలుకి మారితే డీప్ ఎల్లం స్టేషన్‌లోనే దిగొచ్చు. తిరుగు రైలు ఎన్నింటికో వెళ్లే ముందే చూసుకోండి. కచేరీలు ఆలస్యంగా ముగుస్తాయి.