తవ్వకంలో బయటపడిన ఇల్లు యూదులదేనా? తొలి రోమన్ కాలపు ఆనవాళ్లు చదివే పద్ధతి

క్రీ.పూ. 63లో రోమన్ సేనాని పాంపే యెరూషలేమును పట్టుకున్నప్పటి నుంచి క్రీ.శ. 70లో దేవాలయం కూలేదాకా యూదయ, గలిలయల్లో యూదుల ఇళ్లకూ ఇరుగుపొరుగు ఇళ్లకూ కట్టుబడిలో పెద్ద తేడా లేదు. గోడలు చూసి ఎవరిల్లో తేల్చలేం. మైల, శుద్ధి నియమాలు మిగిల్చిన వస్తువులే ఆధారం.

ముందు రాతిపాత్రల ముక్కలు వెతకండి. మైలపడిన మట్టిపాత్రను పగలగొట్టాలని బైబిల్లోని లేవీయకాండం చెబుతుంది. రాయికి మైల అంటదని రబ్బీల, అంటే యూదుల మతగురువుల, ధర్మం. అందుకే మెత్తటి సుద్దరాయితో కప్పులు, గిన్నెలు, పెద్ద బానలు చేసుకున్నారు. లోపల వలయాల్లా సన్నటి గీతలుంటే లేత్ మీద తిప్పిన పాత్ర. బయట నిలువుగా ఉలి చెక్కుళ్లు, పక్కన పిడి ఉంటే చేత్తో చెక్కిన కప్పు. మట్టి పట్టిన ముక్క మామూలు రాయిలాగే ఉంటుంది కాబట్టి తెల్లరాయి దేన్నీ కడిగి చూడకుండా పారేయొద్దు. స్థూపాకారపు రాతి ముక్కలు గుట్టగా దొరికితే అవి పాత్రను తొలిచినప్పుడు మిగిలిన నడిమి భాగాలు. అంటే అది కార్ఖానా. యెరూషలేముకు ఉత్తరాన హిజ్మాలోనూ, నజరేతు దగ్గర రెయినాలోనూ అలాంటివి బయటపడ్డాయి.

తర్వాత మిక్వే, అంటే శుద్ధిస్నానపు తొట్టి. ఇక్కడే పొరపాట్లు ఎక్కువ. నీళ్లు నిలవచేసే తొట్టికి సాధారణంగా పైన ఇరుకు మూతి ఉంటుంది, మెట్లుంటే ఒక పక్కన సన్నగా దిగుతాయి. మిక్వేలో మెట్లు చాలావరకు తొట్టి వెడల్పంతా పరుచుకుని అడుగుదాకా వెళతాయి. కొన్నింటిలో మెట్ల మధ్య చిన్న అడ్డుగట్టు కూడా ఉంటుంది. రాతిలో తొలిచి, నీరు ఇంకకుండా గచ్చు పూస్తారు. ధర్మశాస్త్రం అడిగేది 40 సెయాల (సెయా అంటే పాతకాలపు కొలత) నీరు. ఇప్పటి లెక్కల్లో కొన్ని వందల లీటర్లు. కొలిచేటప్పుడు కప్పుదాకా కాకుండా గచ్చు పూత ఆగిన గీతదాకానే కొలవండి, లేకపోతే లెక్క పెరిగిపోతుంది. పాత మిక్వేను తర్వాతివాళ్లు తొట్టిగా మార్చుకోవడం మామూలే, కాబట్టి గచ్చు ఎన్ని పొరలుందో విడివిడిగా రాయండి.

ఎముకలను జల్లెడపట్టాకే లెక్కించాలి. పంది ఎముకలు కనబడకపోవడం గట్టి సూచనే, కానీ పది ఇరవై ముక్కల్ని చూసి తీర్పు చెప్పకూడదు. ప్రమిదల్లో, కత్తితో చెక్కిన వెడల్పాటి ముక్కున్నవి యూదయ రాజు హేరోదు కాలం చివరి నుంచి వస్తాయి.

నాణేలతో జాగ్రత్త. యూదుల రాజు అలెగ్జాండర్ యన్నాయ్ రాగి ప్రూతాలు, అంటే చిల్లర నాణేలు, ఆయన పోయి వందేళ్లు దాటాక కూడా చెలామణి అయ్యాయి. నేల కింద అది దొరికితే ఆ నేల అంతకంటే పాతది కాదని మాత్రమే తేలుతుంది. చెదరని పొరలోని అన్నిటికంటే కొత్త నాణెంతోనే కాలం కట్టండి. కాలిన నేల మీద, రోము మీద యూదులు చేసిన తిరుగుబాటు రెండో ఏటి నాణెం దొరికితే నమ్మకం బాగా పెరుగుతుంది.

సమాధుల్లోని అస్థిపేటికల పొడవు తొడ ఎముక పట్టేంత. పెద్దవాళ్లకు సుమారు 60 సెంటీమీటర్లు. పేర్లు తరచుగా మేకుతో గీకినట్టు ఉంటాయి. తవ్వకంలో కాక అంగట్లో దొరికిన పేటిక మీది రాతను అలాగే నమ్మొద్దు: పేటిక పాతదైనా అక్షరాలు కొత్తవి కావచ్చు. రాతి మీద పట్టిన పాత పొర అక్షరాల గాట్లలోకి కూడా కొనసాగిందో లేదో భూతద్దంతో చూసి, ఆపైన ప్రయోగశాలకు పంపండి.