మిరియాల నుంచి పైపరిన్: పని ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

మిరియాలకు ఘాటునిచ్చే పదార్థం పైపరిన్. దాన్ని తీసే మామూలు పద్ధతి ముందు. 20 గ్రాముల నల్ల మిరియాల పొడిని సాక్స్‌లెట్‌లో (మరిగే ద్రావణిని పొడి మీద పదేపదే నింపి, సైఫన్ గొట్టం గుండా కిందికి దించే గాజు పరికరం) 150 మి.లీ. 95 శాతం ఇథనాల్‌తో రెండున్నర మూడు గంటలు నడపాలి. వడకట్టి, రోటరీ ఎవాపరేటర్‌లో (తక్కువ పీడనంలో ద్రావణిని ఎగరగొట్టే పరికరం) 15 మి.లీ.కి దించాలి. గోరువెచ్చగా ఉండగా 10 శాతం ఆల్కహాలిక్ కేఓహెచ్ (ఆల్కహాల్‌లో కరిగించిన పొటాషియం హైడ్రాక్సైడ్) 15 మి.లీ. పోసి, అడుగున చేరిన జిగట మడ్డిని వదిలేసి తేటను వంచుకోవాలి. అందులో చుక్కచుక్కగా నీళ్ళు వేసి రాత్రంతా కదపకుండా ఉంచితే లేత పసుపు సూదులు దిగుతాయి. గింజలో 5 శాతం పైపరిన్ ఉందనుకుంటే 20 గ్రాములలో ఉన్నది ఒక గ్రాము. అందులో సగం దాటి చేతికొస్తే పని బాగా జరిగినట్టే.

సమస్య: ఆమ్లంలోకి లాగితే ఏమీ రాలేదు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆల్కలాయిడ్ (మొక్కల్లో దొరికే, నైట్రోజన్ ఉన్న పదార్థం) అనగానే సజల ఆమ్లంలోకి లాగి, క్షారం వేసి విడదీసి, మళ్ళీ డైక్లోరోమీథేన్‌లోకి తీయడం అలవాటు. క్వినైన్‌కి, మొక్కల్లోని ఎన్నో ఇతర క్షారాలకి ఆ దారి సరిపోతుంది. పైపరిన్‌కి సరిపోదు. ఇది ఎమైడ్, అంటే నైట్రోజన్ కార్బొనైల్ (C=O) గుంపుకు అతికి ఉండే పదార్థం. దీని నైట్రోజన్ మీది ఎలక్ట్రాన్ జంట పక్కనున్న కార్బొనైల్ వైపు లాగబడి ఉంటుంది కాబట్టి 5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో లవణం కట్టదు. మనం పనికిరాదని పారబోసే సేంద్రియ పొరలోనే సరుకంతా ఉండిపోతుంది.

ఆ పొర ఇంకా ఉంటే పారబోయకండి. ద్రావణిని ఎగరగొట్టి, మిగిలినదాన్ని కాస్త ఇథనాల్‌లో కరిగించి, కేఓహెచ్ మెట్టు నుంచి మొదలుపెట్టండి. ఇక్కడ క్షారం చేసే పని వేరు: పైపరిన్‌ని విడిపించడం కాదు, రెజిన్‌లోని (మిరియాల జిగురు పదార్థం) ఆమ్లాలనూ ఫినాల్‌లనూ పొటాషియం లవణాలుగా మార్చి పక్కకు తప్పించడం.

సమస్య: మూడు గంటలు నడిపినా సైఫన్ గొట్టంలో రంగు తగ్గలేదు, దిగుబడి తక్కువ

పొడి మరీ మెత్తగా ఉంటే థింబుల్‌లో (సాక్స్‌లెట్ లోపల పొడి ఉంచే గొట్టం) ముద్దకట్టి, ఇథనాల్ ఒకవైపు దారి చేసుకుని జారిపోతుంది. మరీ పలుకుగా ఉంటే గింజ లోపలికి వెళ్ళదు. 40 నంబరు జల్లెడలో దిగే పొడి సరిపోతుంది. థింబుల్‌లో నొక్కి కూరకూడదు, పొడి మట్టం సైఫన్ వంపు కన్నా కిందే ఉండాలి, పైన దూది పెట్టాలి. పని అయిందో లేదో చూడాలంటే సైఫన్ నుంచి ఒక చుక్క వడపోత కాగితం మీద వేసి 366 నానోమీటర్ల దీపం కింద పెట్టండి. నీలి మెరుపు ఉన్నంతసేపూ ఇంకా దిగుతున్నట్టే. వేడికి హీటింగ్ మాంటిల్ లేదా నీటితొట్టి వాడాలి. ఇథనాల్ దగ్గర మంట వద్దు.

సమస్య: సూదులకు బదులు గోధుమరంగు నూనె దిగింది

నీళ్ళు పడగానే ద్రవం పాలలా విరుగుతుంది, కాసేపటికి ఫ్లాస్కు అడుగున చిక్కటి బొట్లు, గాజుకడ్డీకి బంకలా అంటుకుంటాయి. అది పైపరినే, కానీ రెజిన్ కలిసి కరిగే ఉష్ణోగ్రత పడిపోవడం వల్ల ఘనరూపం కట్టలేక నూనెగా విడిపోయింది. కారణాలు మూడు: కేఓహెచ్ వేశాక మడ్డిని సరిగా వదలకపోవడం, వేడి ద్రవంలోనే నీళ్ళు పోయడం, ఒక్కసారిగా పోయడం.

సరిచేయడానికి ఫ్లాస్కుని 60 డిగ్రీల నీటితొట్టిలో పెట్టి, నూనె కరిగేదాకా మాత్రమే ఇథనాల్ వేయండి. అడుగున కరగని జిగురు మిగిలితే తేటను వంచేయండి. గది ఉష్ణోగ్రతకు దిగాక పిపెట్‌తో నీళ్ళు వేయాలి. మసక ఒక క్షణం కనిపించి తిప్పగానే పోతూ ఉంటుంది. పోకుండా నిలిచిన చుక్క దగ్గర ఆగాలి. దాని తర్వాత ఇంకో చుక్క కూడా వద్దు. ద్రవమట్టం దగ్గర గాజుకడ్డీతో ఫ్లాస్కు గోడను గీకండి, పాత స్ఫటికం ఉంటే రవ్వంత విత్తనంగా వేయండి. కొన్ని గంటలు గదిలో ఉంచాకే ఫ్రిజ్‌లో పెట్టాలి. తొందరపడి నేరుగా చలిలో పెడితే మళ్ళీ నూనే దిగుతుంది.

సమస్య: చేపల కంపు లాంటి ఘాటు వాసన, స్ఫటికాలు 130 డిగ్రీల దగ్గర కరగడం లేదు

కేఓహెచ్‌తో ఎక్కువసేపు మరిగించారు. ఎమైడ్ బంధం తెగి పైపరిడిన్, పొటాషియం పైపరేట్ అయ్యాయి. వాసన పైపరిడిన్‌ది. చేతిలో ఉన్న మెరిసే పొడి వేడినీళ్ళలో కరిగి, ఆమ్లం వేయగానే పసుపు అవక్షేపం ఇస్తే ఆ పొడి పొటాషియం పైపరేట్, అవక్షేపం పైపరిక్ ఆమ్లం. ఆ ఆమ్లం కరిగేది 216 డిగ్రీల దగ్గర. దాన్ని వెనక్కి తిప్పుకోవడం ఈ స్థాయి ల్యాబ్‌లో దండగ, కొత్త పొడితో మొదలుపెట్టండి. క్షారం కలిపాక వేడి చేయొద్దు, మడ్డి అడుగుకు దిగగానే తేటను తీసేయండి. ఆల్కహాలిక్ కేఓహెచ్‌ని ఏ రోజుకారోజు చేసుకోవాలి. నిల్వ ఉన్నది గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ రంగు స్ఫటికాలకు పట్టుకుంటుంది.

సమస్య: 118 దగ్గర మెత్తబడి 126 దాకా కరుగుతోంది

శుద్ధ పైపరిన్ 128-130 డిగ్రీల మధ్య, రెండు డిగ్రీల తేడాలో కరగాలి. ముందు ఆరబెట్టి చూడండి: 60 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంత వరకు. అప్పటికీ తక్కువైతే రెజిన్ మిగిలింది. అసిటోన్-హెక్సేన్ 3:2 వేడి మిశ్రమంలో కనీసంగా కరిగించి మళ్ళీ స్ఫటికీకరించండి, చల్లటి హెక్సేన్‌తో కడగండి. గోధుమరంగు పోయి గడ్డిపసుపు వస్తుంది. తెల్లగా రావాలని వెంటపడొద్దు, లేత పసుపే దీని సహజమైన రంగు.

సమస్య: టీఎల్‌సీలో (పలుచటి పొర క్రోమటోగ్రఫీ) చుక్క తోకలా సాగింది

ఎక్కువ సరుకు పెట్టారు, అంతే. పలచన చేయండి. టొలీన్-ఇథైల్ ఎసిటేట్ 7:3లో, పక్కనే ప్రామాణిక పైపరిన్ పెట్టి నడపండి.

సమస్య: యూవీ (అతినీలలోహిత కాంతి శోషణ) రీడింగ్ నిలకడగా లేదు

పొద్దున 0.62 వచ్చిన ద్రావణం మధ్యాహ్నానికి తగ్గిందంటే స్పెక్ట్రోఫోటోమీటర్‌ని అనుమానించకండి, కిటికీని చూడండి. పైపరిన్‌లోని రెండు జంటబంధాలు వెలుతురుకు తిరగబడి ఐసోపైపరిన్, చావిసిన్ వంటి ఐసోమర్‌లవుతాయి (అవే పరమాణువులు, అమరిక వేరు). 343 నానోమీటర్ల దగ్గర శోషణ పడిపోతుంది. పలచని ద్రావణంలో ఇది త్వరగా జరుగుతుంది. అంబర్ ఫ్లాస్కులు వాడండి, లేకపోతే అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. పలచన చేసిన గంటలోపే కొలవండి. ప్రామాణిక ద్రావణాన్ని కూడా అదే రోజు చేసుకోవాలి. దాన్ని వెలుతురులో వదిలేసి నమూనాను మాత్రం దాచితే ఫలితం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

లెక్క తేలిగ్గా ఉండే తూకం ఒకటుంది. 0.500 గ్రాముల పొడిని ఇథనాల్‌తో పూర్తిగా తీసి 100 మి.లీ. చేయండి, అందులోంచి 1 మి.లీ.ని 50 మి.లీ.కి పలచన చేయండి. ఇప్పుడు క్రమాంకన రేఖ (తెలిసిన గాఢతల శోషణతో గీసిన గీత) మీద వచ్చే మైక్రోగ్రాములు/మి.లీ. అంకే గింజలోని శాతం: 4.4 వస్తే 4.4 శాతం. రేఖకు 1 నుంచి 6 మైక్రోగ్రాముల ప్రమాణాలు చాలు. 4 మైక్రోగ్రాముల దగ్గర శోషణ 0.5కి దరిదాపుల్లో ఉండాలి. అంతకు చాలా దూరంగా ఉంటే ప్రామాణికం తూకమో, శుద్ధతో చూసుకోండి.

యూవీ అంకె హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమాన్ని కాలమ్‌లో విడదీసి కొలిచే ద్రవ క్రోమటోగ్రఫీ) కన్నా కాస్త ఎక్కువ రావడం తప్పు కాదు. పైపరిన్ బంధువులైన ఇతర ఎమైడ్‌లు కూడా ఆ ప్రాంతంలో శోషిస్తాయి, స్పెక్ట్రోఫోటోమీటర్ వాటిని విడదీయలేదు. హెచ్‌పీఎల్‌సీలో సీ18 కాలమ్ విడదీస్తుంది. రిపోర్టులో ఏ పద్ధతో తప్పక రాయాలి. త్రికటు చూర్ణంలోనైతే (శొంఠి, మిరియాలు, పిప్పళ్ళ పొడి) శొంఠి గురించి భయం అక్కర్లేదు, జింజరాల్‌ల శోషణ 280 దగ్గర.

సమస్య: ఒకే బస్తా, రెండు ల్యాబ్‌లు, రెండు అంకెలు

తేమ లెక్క చూడండి. ఓవెన్‌లో ఎండబెడితే నీటితోపాటు సుగంధ తైలమూ పోయి, తేమ ఎక్కువ చూపిస్తుంది. మిరియాలకు టొలీన్ స్వేదన పద్ధతే సరైనది. తర్వాత నమూనా తీసిన తీరు. పాడేరు, అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన తీగల నుంచి కోసిన గుత్తిలోనే ముదిరిన గింజ, లేత గింజ కలిసి ఉంటాయి. లేతగింజలో పిండి తక్కువ, కాబట్టి బరువుకు పైపరిన్ ఎక్కువ పలుకుతుంది. బస్తా పైనుంచి ఒక గుప్పెడు తీస్తే కుదరదు. పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసుకుంటూ తగ్గించుకోవాలి.

అంకె మరీ పడిపోతే బొప్పాయి గింజల కల్తీ ఉందేమో చూడండి. స్పిరిట్‌లో వేస్తే ముదిరిన మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది. తాలు మిరియాలూ తేలతాయి కాబట్టి తేలినవాటిని వేరే తీసి, ఆరబెట్టి, వాటిలోనే పైపరిన్ కొలవండి. తాలు మిరియమైతే 343 దగ్గర శిఖరం బలంగా వస్తుంది, బొప్పాయి గింజైతే ఆ శిఖరం ఉండదు.