రసాయనం రేవులో ఆగింది, కాగితాలన్నీ ఉన్నాయి: తప్పెక్కడ?

ప్రమాదకర రసాయనం దిగుమతి ఆగిపోతే చాలామంది ఏ కాగితం తక్కువైందా అని వెతుకుతారు. ముందు ఉన్న కాగితాలను పక్కపక్కన పరిచి చూడండి. లేని కాగితం కన్నా ఒకదానితో ఒకటి పొసగని కాగితాలే ఎక్కువ తంటా తెస్తాయి.

సమస్య: యూఎన్ నంబరు (ప్రమాదకర సరుకును రవాణాలో గుర్తించే నాలుగంకెల సంఖ్య) సరిపోవడం లేదని సరుకు నిలిపివేశారు.

కారణం: సరఫరాదారు అదే రసాయనం మరో రూపానికి చెందిన సేఫ్టీ డేటా షీటు (రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పత్రం) పంపాడు. కాస్టిక్ సోడానే తీసుకోండి. ఘనరూపంలో వస్తే యూఎన్ 1823, ద్రావణమైతే 1824. రెండూ లోహాన్ని, చర్మాన్ని తినేసే 8వ తరగతి సరుకే. ఒక్కో రసాయనాన్ని గుర్తించే కాస్ (CAS) నంబరూ ఒకటే, 1310-73-2. ఇన్వాయిస్‌లో ఉత్త ‘కాస్టిక్ సోడా’ అని ఉంటే ఆఫీసులో ఎవరికీ అనుమానం రాదు. డ్రమ్ము మీది లేబుల్ చదివిన అధికారికి వస్తుంది.

పరిష్కారం: షీటులోని 16 విభాగాల్లో 14వది తెరవండి. యూఎన్ నంబరు, రవాణా పేరు, తరగతి, ప్రమాద తీవ్రతను తెలిపే ప్యాకింగ్ గ్రూపు అక్కడే ఉంటాయి. ప్రమాదకర సరుకు డిక్లరేషన్‌లోనూ ఇవే పొల్లుపోకుండా ఉండాలి. డ్రమ్ము మీది నంబరు, పేరు, తరగతి గుర్తు వీటితో కలవాలి. తేడా ఉంటే తయారీదారు నుంచే సవరించిన షీటు తెప్పించండి. అంకె మీరే దిద్దారా, అంతవరకు పొరపాటుగా ఉన్నది తప్పుడు పత్రమవుతుంది.

సమస్య: కాస్ నంబరు ఏ జాబితాలోనూ దొరకడం లేదు.

కారణం: చాలాసార్లు టైపు చేసేటప్పుడు అంకెలు తారుమారవడమే.

పరిష్కారం: ఈ నంబరులో చివరి అంకె తనిఖీ కోసమే ఉంది. అసిటోన్ నంబరు 67-64-1. చివరి 1ని వదిలేసి, మిగతా అంకెలను కుడి నుంచి వరుసగా 1, 2, 3, 4తో గుణించి కూడండి: 4, 12, 21, 24, మొత్తం 61. దాని చివరి అంకె 1, సరిపోయింది. ఎవరైనా 67-46-1 అని కొడితే మొత్తం 59 వస్తుంది, దొరికిపోతారు. అయితే పొరపాటున మరో రసాయనం నంబరే రాస్తే ఈ లెక్క పట్టుకోలేదు. ఇక మిశ్రమమైతే సాధారణంగా ఒకే నంబరు ఉండదు. 3వ విభాగంలో ఒక్కో పదార్థాన్నీ విడిగా చూడాలి.

సమస్య: అన్నీ కలిశాయి, అయినా షీటును అంగీకరించలేదు.

కారణం: అది ఎగుమతి చేసే దేశం కోసం తయారైనది. రసాయనాల ప్రమాదాలను వర్గీకరించి లేబుల్ వేసే ఐక్యరాజ్యసమితి పద్ధతి జీహెచ్ఎస్ (GHS) పేరుకు ప్రపంచమంతటికీ ఒకటే అయినా, దేశాలు అందులో తమకు కావలసిన భాగాలను ఎంచుకుని అమలు చేస్తాయి. అందుకే ఒకే రసాయనానికి రెండు చోట్ల రెండు వర్గీకరణలు కనిపిస్తాయి. భాష, అత్యవసర ఫోను నంబరు కూడా అడ్డుపడతాయి.

పరిష్కారం: దిగుమతి దేశం నిబంధనల ప్రకారం తయారైన షీటు కావాలని కొనుగోలు ఒప్పందంలోనే రాయించండి. ప్రమాదకర రసాయనాల అంతర్జాతీయ వ్యాపారంపై కుదిరిన 1998 నాటి రోటర్‌డామ్ ఒప్పందం తన పరిధిలోని రసాయనాలను వృత్తిపరమైన వాడకానికి పంపేటప్పుడు దిగుమతిదారుకు షీటు చేరాలంటుంది. భాష దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘వీలైనంతవరకు’ అంటుంది. ఆ మాటను నమ్ముకుని కూర్చోకండి.

సమస్య: కంటైనర్‌ను ఓడలోకే ఎక్కించుకోలేదు.

కారణం, పరిష్కారం: కంటైనర్ ప్యాకింగ్ ధ్రువపత్రం మీద సంతకం ఉందో లేదో చూడండి. దాన్ని ఇవ్వాల్సింది సరుకును లోపల సర్దిన బాధ్యులు, అమ్మినవారు కాదు.