సర్పంచ్ ఎన్నికలొస్తున్నాయి, ఓటరు లిస్టు మీద టిక్కులతో జాగ్రత్త

పోయినసారి, 2021 ఫిబ్రవరిలో, మా ఊరి రామకోవెల అరుగు మీద ఒక కుర్రాడు ఓటరు లిస్టు జిరాక్సు ముందేసుకుని గుర్తులు పెడుతుంటే చూశాను. మనోళ్లకి టిక్కు, అవతలోళ్లకి ఇంటూ, ఎటూ తేలనివాళ్లకి సున్నా. నా పేరు పక్కన సున్నా చుట్టి, "ఏటి మాస్టారూ, మీరెటో మాకే తెలీడం లేదు" అని నవ్వాడు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే.

ఎన్నికలయ్యాక ఆ కాగితం చించేస్తే గొడవ లేదు. చించరు. తర్వాత ఐదేళ్లూ కుళాయి కనెక్షన్ దగ్గర్నుంచి ఉపాధి పని దాకా ఆ టిక్కులే మాట్లాడతాయి.

సోషల్ చెప్పినవాణ్ణి కదా, నాకు వెంటనే శ్రీలంక గుర్తొస్తుంది. అక్కడ 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్నారు. ఆ తర్వాత ఉద్యోగాలు, యూనివర్సిటీ సీట్లు ఒక్కొక్కటే తగువులోకి వచ్చాయి. 1981లో తమిళులుండే జాఫ్నాలో లైబ్రరీని తగలబెట్టారు, దాదాపు 97 వేల పుస్తకాలు బూడిదయ్యాయి. 1983 జూలై 23 రాత్రి జాఫ్నాలో తమిళ పులులు, అంటే ఎల్‌టీటీఈ వాళ్లు, 13 మంది సైనికుల్ని చంపారు. మర్నాటి నుంచి కొలంబో వీధుల్లో తిరిగిన గుంపుల్లో కొందరి చేతుల్లో ఓటరు లిస్టులు కూడా ఉన్నాయి. ఏ ఇల్లు తమిళులదో ఎవరినీ అడగక్కర్లేకపోయింది. అప్పుడు అంటుకున్న యుద్ధం ఆగింది 2009 మేలో.

ఆఫ్రికాలోని రువాండాలో ఆ పని గుర్తింపు కార్డు చేసింది. 1930లలో బెల్జియం దొరలు ఎవరిది ఏ జాతో, హుటూనో టుట్సీనో, కార్డు మీద రాయించారు. 1994 ఏప్రిల్లో రోడ్లకి అడ్డంగా నిలబడ్డ హుటూ గుంపులు అడిగింది ఆ కార్డే, టుట్సీ అని ఉంటే చంపేశారు. సుమారు వంద రోజుల్లో ఎనిమిది లక్షల మంది పోయారని ఐక్యరాజ్యసమితి లెక్క.

మన సర్పంచ్ గొడవకీ అంతర్యుద్ధానికీ పోలికేమిటని మీరనొచ్చు. నిజమే, మనకి స్టేషనుంది, కోర్టుంది, ఐదేళ్లకోసారి మళ్లీ ఓటుంది. అక్కడ అవసరానికి అలాంటివి ఆదుకోలేదు. కానీ మనుషులు వాటాలు పడే తీరు మాత్రం నాకు ఒక్కలాగే కనిపిస్తుంది. అందుకే ఈ నాలుగు ముక్కలూ.

మీరు ఏజెంటుగా కూర్చుంటే, లెక్క అంకెల్లో వేసుకోండి. ఈ వీధిలో మనకి ఎనభై రావచ్చు అనుకుంటే సరిపోతుంది, ఎనభై పేర్లు రాసుకోనక్కర్లేదు. ఓటరైతే ఎవరడిగినా "చూద్దాం బావా" అనండి. సున్నా చుట్టించుకోవడంలో నామోషీ లేదు.

పాలకేంద్రం, టీ బడ్డీ, మంగలి షాపు మార్చకండి. పోయినసారి మా పాలకేంద్రం దగ్గర క్యాన్లు రెండు వరసలుగా పెట్టారు, ఇటోళ్లవి ఇటు, అటోళ్లవి అటు. లోపల పాలు పోసేది ఒక్క డ్రమ్ములోనే అని ఎవరికీ తట్టలేదు. మా అప్ప కూతురి పెళ్లి సరిగ్గా ఆ వారంలోనే పడింది. ఆ వీధి వాళ్లు భోజనాలకి రాలేదు. సాంబారు గంగాళం నిండుగా అలాగే ఉండిపోయింది, సాయంత్రం పశువుల కుడితిలో కలిపారు. అప్ప ఇప్పటికీ ఆ గంగాళం మాటే ఎత్తుతుంది. ముహూర్తం చేతిలో ఉంటే పోలింగు వారం తప్పించండి. లేదంటే అవతలి వీధికి పిలుపు మీరే స్వయంగా వెళ్లి చెప్పండి.

తర్వాత ఫోను. రువాండాలో ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో 1993లో మొదలై పాటలు, జోకుల మధ్యే టుట్సీలని బొద్దింకలని పిలిచింది, హత్యలు మొదలయ్యాక దాక్కున్నవాళ్ల పేర్లూ చదివింది. మన రేడియో వాట్సాప్. "మనోణ్ణి కొట్టీసారు, అందరూ రండి" అని ఒక రాత్రి వాయిస్ మెసేజ్ వస్తే నలభైమంది కర్రలతో బయల్దేరారు. తీరా చూస్తే వాడు మందు కొట్టి స్కూటర్ మీంచి పడ్డాడు. ఇలాంటిది వస్తే ఫార్వర్డ్ చేసేముందు అవతలి వర్గంలో మీకు తెలిసినవాడికి ఒక్క కాల్ చేయండి. ఆ నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి, గొడవ రోజున ఎవరూ ఇవ్వరు. నిజంగానే కొట్టుకుంటుంటే 112.

పక్క ఊళ్ల నుంచి మనుషుల్ని దింపొద్దు. 1757లో విజయనగరం రాజు బొబ్బిలి మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల్ని తెచ్చుకున్నాడు. కోట పడింది, మూడ్రోజుల్లో గుడారంలో ఆ రాజూ పోయాడు, చివరికి మన సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్ల పాలయ్యాయి. దిగినవాడు మర్నాడు వ్యానెక్కి పోతాడు. కేసులు మన పిల్లల మీద ఉంటాయి.

అన్నింటికంటే ప్రమాదం లెక్కింపు సాయంత్రం. పోలింగైన రోజే, ఊళ్లోనే లెక్కపెడతారు. వార్డు మెంబర్ ఓట్లు వార్డువారీగా తేలతాయి కాబట్టి ఏ వీధి ఎటు వేసిందో గంటలో తెలిసిపోతుంది. ఆ సాయంత్రం బాణసంచా, ఊరేగింపు వద్దు, అవతలి వీధిలోంచి అసలే వద్దు. రీకౌంటింగు కావాలంటే ఫలితం ప్రకటించేలోపే ఆర్వోకి, అంటే రిటర్నింగ్ ఆఫీసరుకి, కాగితం మీద రాసివ్వాలి. ప్రకటించాక ఎన్నికల పిటిషన్ వేసుకోవాల్సిందే, ఆర్వో మీద అరిచి లాభం లేదు. ఇరువైపులా ఇద్దరేసి పెద్దలు కోవెల దగ్గర కలిసి కూర్చుంటే మంచిది. మందుకి అలవాటు లేనివాళ్లయితే ఇంకా మంచిది.

టిక్కులు పెట్టిన లిస్టులు మాత్రం ఆ రాత్రే అందరి ముందూ తగలబెట్టించండి. తెల్లారితే ఎవడో ఒకడు ఫోటో తీసేసుకుంటాడు.